పాత కారుకు కరెంటు ఫ్యాన్ అమర్చిన నా అనుభవం

నా కారు పాతకాలపు నిర్మాణం గలది. ఇంజన్ బండి పొడవునా కూర్చుంటుంది, చక్రాల తోపు వెనుక నుంచి వస్తుంది, రేడియేటర్‌కు గాలి లాగే నాలుగు రెక్కల ఇనుప ఫ్యాన్ వాటర్ పంపు ఇరుసుకే బిగించి ఉండేది. ఇంజన్ తిరిగినంత సేపూ, చలిలో స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో కూడా, ఆ ఫ్యాన్ బెల్టుతో పాటు తిరగవలసిందే. ఖాళీ రోడ్డు మీద ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే నిలిచేది. వాహనాల వరుసలో పది నిమిషాలు ఇరుక్కుంటే మాత్రం ఎర్ర గీత వైపు పాకడం మొదలయ్యేది. ఇందులో వింత ఏమీ లేదు. బండి ఆగి ఉన్నప్పుడు ఎదురుగాలి ఉండదు కాబట్టి ఫ్యాన్ అవసరం అప్పుడే ఎక్కువ, కానీ ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండటం వల్ల ఫ్యాన్ అతి నెమ్మదిగా తిరిగేదీ అప్పుడే. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే సరిపోతుంది, అయినా ఫ్యాన్ హోరెత్తుతూ ఇంజన్ శక్తిని తింటూ ఉంటుంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే దాన్ని తిప్పడానికి కావలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లవుతుంది కనుక ఆ తిండి తక్కువేమీ కాదు.

అయినా నేను మొదట ఫ్యాన్ జోలికి పోలేదు. రేడియేటర్ సగం పూడుకుపోయి ఉంటే ఎంత గొప్ప ఫ్యాన్ పెట్టినా పుండొకచోట, మందొకచోట అన్నట్టే ఉంటుంది. ఇంజన్ బాగా వేడెక్కాక పరారుణ థర్మామీటర్‌తో రేడియేటర్ ముఖమంతా గళ్లుగళ్లుగా కొలిస్తే, కింది ఎడమ మూల చుట్టుపక్కల కంటే బాగా చల్లగా కనిపించింది. అంటే అక్కడి గొట్టాల్లోకి వేడినీరు వెళ్లడం లేదు. రేడియేటర్ విప్పించి లోపల శుభ్రం చేయించి, పాత మూత తీసేసి కొత్తది వేసి, 82 డిగ్రీల వద్ద తెరుచుకునే కొత్త థర్మోస్టాట్ (నీరు తగినంత వేడెక్కాకే రేడియేటర్‌కు దారి ఇచ్చే వాల్వు) అమర్చాను. దీనితో సమస్య సగం తగ్గింది. మిగిలిన సగం నిజంగా గాలి కొరతేనని తేలాకే ఫ్యాన్ పని మొదలుపెట్టాను.

తరువాతి ప్రశ్న కరెంటుది. నా కారులో కరెంటు పుట్టించడానికి మొదట ఉన్నది 22 ఆంపియర్ల డైనమో. ఐడ్లింగ్‌లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, ఫ్యాన్ తిరగవలసిందేమో సరిగ్గా ఐడ్లింగ్‌లోనే. హెడ్‌లైట్లకు సుమారు పది ఆంపియర్లు, ఇగ్నిషన్‌కు మూడు నాలుగు, వైపర్లకు మరో మూడు, వీటికి ఫ్యాన్‌కు అయ్యే పదమూడు కలిపితే, వాన పడే రాత్రి బండి నిలిచిపోయిందంటే బ్యాటరీ ఖాళీ కావడం ఖాయం. అందుకని ముందుగా డైనమో తీసి, ఐడ్లింగ్‌లో కూడా కరెంటు ఇవ్వగల 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టాను. ఆ పని గురించి రాస్తే అదే ఒక వ్యాసమవుతుంది కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. కొన్ని పాత కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. ఆల్టర్నేటర్ ఆలోచన చేసే ముందే దాన్ని చూసుకోవాలి.

ఫ్యాన్‌ను తుక్కుకు వెళ్లిన ఒక చిన్న కారు నుంచి తీసుకున్నాను. ఇంజన్ అడ్డంగా ఉండే కార్లలో పుల్లీలు పక్కకు తిరిగి ఉంటాయి కనుక ముందున్న రేడియేటర్‌కు బెల్టుతో ఫ్యాన్ తిప్పడం కుదరదు. అందుకే అలాంటి కార్లలో కరెంటు ఫ్యాన్లు మామూలు. నాకు దొరికిన దాని రెక్కల వ్యాసం 300 మిల్లీమీటర్లు. అది రేడియేటర్ వెనుక నుంచి గాలి లాగే రకం. ముందు నుంచి నెట్టే రకం పెట్టడం సులువే, కానీ బండి వేగంగా పోతున్నప్పుడు ఆ ఫ్యానే వచ్చే గాలికి అడ్డు నిలుస్తుంది. లాగే ఫ్యాన్‌ను వైర్లు తారుమారు చేసి నెట్టే ఫ్యాన్‌గా వాడుకోవచ్చని కొందరంటారు. మోటారు వెనక్కి తిరుగుతుంది, నిజమే. కానీ రెక్కల వంపు ఒక దిశ కోసమే తయారైనది కాబట్టి చప్పుడు మిగులుతుంది, గాలి మిగలదు.

చోటు దగ్గర అసలు చిక్కు వచ్చింది. పాత ఫ్యాన్ విప్పాక రేడియేటర్ జాలీకీ వాటర్ పంపు ముక్కుకూ మధ్య 88 మిల్లీమీటర్లే ఉంది. ఫ్యాన్ మందం మోటారుతో కలిపి 65, జాలీకి దూరంగా ఉంచవలసిన 20 కలిపితే 85, మిగిలేది 3 మిల్లీమీటర్లు. రబ్బరు మౌంట్ల మీద కూర్చున్న ఇంజన్ గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందుకు ఊగుతుంది కాబట్టి ఆ మూడూ లేనట్టే లెక్క. ఒక సాయంత్రమంతా దిగులుపడి, మరునాడు అట్టముక్కతో ఫ్యాన్ ఆకారం కత్తిరించి అటూ ఇటూ జరిపి చూసినప్పుడు దారి కనిపించింది. జాలీ వెడల్పు 420 మిల్లీమీటర్లు, ఫ్యాన్ 300. సరిగ్గా మధ్యలో పెట్టాలన్న నియమమేమీ లేదు కాబట్టి 60 మిల్లీమీటర్లు పక్కకు జరిపాను. మోటారు డిప్ప పంపు ముక్కును తప్పించుకుని ఖాళీగా ఉన్న వైపుకు వచ్చింది, అక్కడ 25 మిల్లీమీటర్ల సందు దొరికింది. అది చాలునా అన్నది తేల్చుకోవడానికి మోటారు వెనుక మెత్తటి బంకమట్టి ముద్దను సందు నిండేలా అతికించి, ఖాళీ చోట బండిని నడిపి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేశాను. ముద్ద 7 మిల్లీమీటర్ల మేర నొక్కుకుపోయింది. మిగతా 18 నాకు ధైర్యమిచ్చాయి.

ఫ్యాన్‌ను జాలీకి ప్లాస్టిక్ పట్టీలతో, గొట్టాల మధ్య నుంచి దూర్చి కట్టేసే పద్ధతి ఒకటుంది. పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఫ్యాన్ బరువూ అదురూ అంతా పలుచని గొట్టాల మీదే పడుతుంది. ఆ పట్టీ ఏదో ఒక రోజు గొట్టాన్ని అరగదీసి చిల్లు పెడుతుంది. పైగా ఫ్యాన్‌ను జాలీకి ఆనించి పెడితే తన గుండ్రటి మేరకే గాలి లాగుతుంది. లెక్క చూడండి. 420కి 400 ఉన్న నా జాలీలో 300 వ్యాసం గల వలయం ఆక్రమించేది నూటికి 42 వంతులు మాత్రమే. మిగతా 58 వంతుల మీదుగా కూడా గాలి రావాలంటే ఫ్యాన్‌కూ జాలీకీ మధ్య కొంత ఖాళీ ఉంచి, చుట్టూ మూసేసే తొడుగు ఒకటి కావాలి. మెకానిక్కులు ష్రౌడ్ అనేది దీన్నే. మొత్తం పనిలో నాకు ఎక్కువ సమయం పట్టింది దీనికే, ఎక్కువ ఫలితం వచ్చిందీ దీనివల్లే.

ఒకటిన్నర మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు తీసుకుని, ముందుగా అట్టతో నమూనా చేసి, రేడియేటర్ పక్క చట్రాల మీద కూర్చునేలా నాలుగు అంచులూ 20 మిల్లీమీటర్ల లోతున మడిచాను. మూలల్లో రివెట్లు కొట్టాను. ఫ్యాన్ వలయం కోసం కోసిన రంధ్రం మొదటిసారి నాలుగు మిల్లీమీటర్లు పెద్దదైంది. రెక్కల కొసలకూ రంధ్రపు అంచుకూ మధ్య సందు ఎక్కువైతే లాగిన గాలే తిరిగి వెనక్కి వస్తుంది కాబట్టి ఆ రేకును పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. రెండో రేకు సరిగా వచ్చింది. తొడుగు అంచుకూ చట్రానికీ మధ్య స్పాంజి పట్టీ అంటించాను, బోల్టుల కింద రబ్బరు వాషర్లు వేశాను. తొడుగు పెట్టక ముందు కాగితం ముక్కను జాలీ ముందు మూలల్లో పెడితే జారి పడిపోయేది, పెట్టాక నాలుగు మూలల్లోనూ అతుక్కుని నిలిచింది.

పాత ఫ్యాన్ తీసేటప్పుడు ఒక చిన్న విషయంలో పొరపడబోయాను. ఫ్యాన్‌నూ పుల్లీనీ కలిపి పట్టే బోల్టులు ఫ్యాన్ మందానికి తగ్గట్టు పొడవుగా ఉంటాయి. ఫ్యాన్ లేకుండా అవే బోల్టులు బిగిస్తే కొసలు వెనక్కి పొడుచుకుపోయి పంపు బాడీకి రాసుకుంటాయి. చేత్తో పుల్లీని తిప్పి చూస్తున్నప్పుడు కర్రుమన్న చప్పుడు రాబట్టి బతికిపోయాను. పొట్టి బోల్టులు వేసి, బెల్టు బిగువు మళ్లీ సరిచేశాను.

ఫ్యాన్ ఎప్పుడు తిరగాలో చెప్పే వేడి స్విచ్ 92 డిగ్రీల వద్ద కలిసి 87 వద్ద విడిపోయేది ఎంచుకున్నాను. విడిపోయే డిగ్రీ థర్మోస్టాట్ తెరుచుకునే డిగ్రీ కంటే తక్కువైతే ఫ్యాన్ ఎన్నటికీ ఆగదు. స్విచ్‌ను పై హోసులోనే పెట్టాను, ఎందుకంటే కింది హోసులో చల్లబడిన నీరు పారుతుంది కనుక అక్కడ 92 వచ్చేసరికి ఇంజన్ ఎంత కాగిపోయి ఉంటుందో ఊహించుకోవచ్చు. హోసును మధ్యలో కోసి, స్విచ్ పట్టే అల్యూమినియం గొట్టం ముక్కను ఇరికించి, రెండు వైపులా క్లాంపులు బిగించాను. కూలెంట్ నింపేటప్పుడు హీటర్ వాల్వు తెరిచి ఉంచి గాలి బుడగలన్నీ పోయేదాకా ఇంజన్ తిప్పాను.

మొదటి పరీక్షలో ముల్లు 92 దాటింది, 95 దాటింది, ఫ్యాన్ కదల్లేదు. ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ మళ్లీ వేసి, స్విచ్ వైరు ఊడదీసి బాడీకి తాకిస్తే ఫ్యాన్ వెంటనే గిర్రున తిరిగింది. అప్పుడు అర్థమైంది. నాది ఒకే కొస ఉన్న స్విచ్, దాని రెండో కొస దాని ఒంటి లోహమే. ఆ లోహం కూర్చున్న గొట్టం ముక్కకు రెండు పక్కలా రబ్బరు హోసే ఉంది కాబట్టి కరెంటు తిరిగి వెళ్లే దారి లేదు. గొట్టానికి ఒక స్క్రూ వేసి అక్కడి నుంచి ఎర్త్ వైరు లాగాక స్విచ్ తన పని తాను చేసింది.

రెండో పొరపాటు ఇంకా విచిత్రమైనది. ఫ్యాన్‌ను నడిపేది రిలే, అంటే కాయిల్‌లో పారే చిన్న కరెంటుతో మోటారు పెద్ద కరెంటును కలిపే స్విచ్. సులువు కోసం దానికి వెళ్లే రెండు సరఫరాలనూ, అంటే 86వ నంబరు కాయిల్ సరఫరానూ 30వ నంబరు మోటారు సరఫరానూ, ఫ్యూజు పెట్టెలో ఇగ్నిషన్‌తో వచ్చే ఒకే చోటు నుంచి తీసుకున్నాను. ఫ్యాన్ తిరుగుతుండగా తాళం తిప్పి ఆపితే ఇంజన్ ఆగలేదు! రెండు మూడు క్షణాలు నడిచి, ఆపై చచ్చింది. తిరుగుతున్న మోటారు చిన్న డైనమోలా కరెంటు పుట్టించి, ఇంకా కలిసే ఉన్న రిలే గుండా ఇగ్నిషన్‌కు వెనక్కి పంపుతోందన్నమాట. అదలా ఉంచితే, పాత తాళం స్విచ్ అంత కరెంటును మోయలేదు. క్లాంపు మీటరుతో చూస్తే ఫ్యాన్ మామూలుగా 13 ఆంపియర్లు తీసుకుంటోంది గానీ మొదలయ్యే క్షణంలో 30 దాటుతోంది. అందువల్ల 30వ నంబరుకు బ్యాటరీ నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, బ్యాటరీకి జానెడు దూరంలోనే 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. 86 ఇగ్నిషన్ నుంచి, 85 వేడి స్విచ్‌కు, 87 మోటారుకు. ఇప్పుడు తాళం తీసిన వెంటనే ఫ్యాన్ కూడా ఆగుతుంది. ఇంజన్ ఆగాక కూడా ఫ్యాన్ తిరిగేలా పెట్టుకునేవారున్నారు, కానీ వాటర్ పంపు ఆగిపోయాక ఆ గాలి రేడియేటర్‌లో ఉన్న నీటినే చల్లబరుస్తుంది తప్ప ఇంజన్‌కు ఒరిగేది కొంచెమే. వేడి స్విచ్ ఎప్పుడైనా మొరాయిస్తే చేత్తో వేసుకోవడానికి దానికి సమాంతరంగా డ్యాష్‌బోర్డు కింద ఒక చిన్న స్విచ్, 87 నుంచి ఒక చిన్న దీపం కూడా పెట్టాను. ఆ దీపం అవసరం ఎంతో పెట్టాక గానీ తెలియలేదు, ఎందుకంటే ఇంజన్ చప్పుడులో ఫ్యాన్ తిరుగుతోందో లేదో వినపడదు.

ఇంత చేసినా గాలి నేను అనుకున్నంత రాలేదు. బ్యాటరీ వద్ద 13.6 వోల్టులు ఉంటే ఫ్యాన్ కొసల మధ్య 12.2 మాత్రమే చేరుతోంది. పోయిన 1.4లో 1.1 వోల్టు ఎర్త్ వైపే పోతోందని మీటరు చూపింది. నేను ఎర్త్ బిగించిన రేకు మీద పాత రంగు ఉంది. దాన్ని గీకే బదులు మోటారు నెగటివ్ వైరును బ్యాటరీ నెగటివ్ దాకా నేరుగా తీసుకెళ్లాను. నష్టం 0.4కు తగ్గింది, రెక్కల చప్పుడు కూడా మారింది.

ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం బానెట్ మూసి 40 నిమిషాలు ఐడ్లింగ్‌లో నిలబెట్టాను. ఫ్యాన్ రెండు నిమిషాలు తిరిగి, మూడు నిమిషాలు ఆగి, అదే లయలో సాగింది. ముల్లు ఎర్ర గీత దరిదాపులకు పోలేదు. బ్యాటరీ వైపు పోయే, వచ్చే కరెంటును చూపే డ్యాష్‌బోర్డులోని అమ్మీటరు ముల్లు మాత్రం ఫ్యాన్ తిరిగినప్పుడల్లా చార్జింగ్ వైపుకు వాలుతుంది. ఫ్యాన్ బ్యాటరీ కొస నుంచి కరెంటు తీసుకుంటోంది కనుక, ఆల్టర్నేటర్ దానికి పంపేదంతా అమ్మీటరు గుండానే వెళ్తుంది. తెలియనివారు చూస్తే బ్యాటరీ దివ్యంగా నిండుతోందనుకుంటారు.

ట్రాఫిక్ బాధ తీరింది కానీ, ఖాళీ రోడ్డు మీద వేగంగా పోతే ముల్లు మునుపటి కంటే రవ్వంత పైన నిలవడం గమనించాను. ఆగి ఉన్నప్పుడు మేలు చేసిన తొడుగే ఇప్పుడు ఎదురుగాలిని వెనక నుంచి ఆపుతోంది. తొడుగు విప్పి, నాలుగు మూలల్లో 80కి 50 మిల్లీమీటర్ల కిటికీలు కోసి, ఇంజన్ వైపు నుంచి ఒక్కో కిటికీకి పలుచని రబ్బరు రెప్పను పై అంచు దగ్గర మాత్రమే రివెట్ చేశాను. ఫ్యాన్ లాగినప్పుడు రెప్పలు లోపలికి అతుక్కుని మూసుకుంటాయి, ఎదురుగాలి వచ్చినప్పుడు బయటికి తెరుచుకుంటాయి. ముల్లు తన పాత చోటికి వచ్చింది. కింది ఎడమ రెప్ప ఒక్కటి గతుకుల్లో టపటప కొట్టుకుంటోంది, దానికి కాస్త మందపాటి రబ్బరు వేయాలి. పాత ఇనుప ఫ్యాన్‌నూ దాని పొడవాటి బోల్టులనూ ఒక గుడ్డలో చుట్టి డిక్కీలోనే ఉంచాను.