బండి ఆగే చోటు

వఫ్రా తోటల నుంచి సులైబియాలోని ఫర్దా మార్కెట్‌కు హాఫ్ లారీలో, అంటే చిన్న సరుకు బండిలో, కూరగాయలు తోలడం నా పని. వఫ్రా కువైట్ దేశంలోనే దక్షిణాన, సౌదీ సరిహద్దు పక్కన ఉంటుంది. నగరం నుంచి సుమారు వంద కిలోమీటర్లు. ఎటు చూసినా ఇసుకే, అయినా అక్కడ టమాటా, కీరా, వంకాయ పండిస్తారు. పగలు కోసిన కాయ రాత్రికి మార్కెట్‌లో దిగుతుంది. తెల్లారేసరికి మనవాళ్ళు ఎక్కువగా ఉండే జిలీబ్‌లో బఖాలాల్లో, అంటే చిల్లర కొట్లలో, మనవాళ్ళు అదే కాయ కొంటుంటారు.

మాది రాయచోటి పక్క పల్లె. మా దగ్గరా టమాటానే. ధర ఉన్న రోజు మదనపల్లె మార్కెట్‌కు వేసుకుపోతారు. ధర పడిందంటే కోత కూలి, బండి బాడుగ కూడా రావని చేలోనే వదిలేస్తారు. ఇసుకలో పండిన కాయకు దొరికిన దారి మా ఎర్రనేల కాయకు ఎందుకు దొరకలేదు? రాత్రిపూట ఈ రోడ్డు మీద పోతుంటే నాకు ఇదే ఆలోచన.

పెట్రోలు డబ్బు అని రూంలో వాళ్ళు ఒక్క మాటతో తేల్చేస్తారు. అది నిజమే కానీ, కువైట్ ఊరు పుట్టింది పెట్రోలుతో కాదు. ఇక్కడ బుర్గాన్‌లో చమురు పడింది 1938లో, ఓడకెక్కింది 1946లో. అంతకు ముందు నుంచీ కువైట్ ఉంది. తాగడానికి మంచినీళ్ళు లేవు, షత్తల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చుకునేవాళ్ళు. మరి అలాంటి చోట ఊరెందుకు వెలిసింది? సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి పెద్ద అఖాతం ఏర్పడింది కాబట్టి. అలల పోటు తక్కువ, పడవలు నిశ్చింతగా ఆగుతాయి. ఇక్కడి పడవలు ఖర్జూరం మోసుకుని మన పడమటి తీరానికి వచ్చేవి, మలబారు టేకు తీసుకుని తిరిగి వెళ్ళేవి. 1961లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే.

డబ్బు వచ్చాక ఊరి రూపం మార్చింది మాత్రం కారు. 1920లో కట్టుకున్న మట్టిగోడను 1957లో పడగొట్టారు, గుమ్మాలు మాత్రం మిగిల్చారు. ఆ గోడ ఉన్న దారి వెంబడే ఫస్ట్ రింగ్ రోడ్డు వచ్చింది. దాని వెనక ఒకదాని తర్వాత ఒకటి రింగులు, మధ్యలో ఇళ్ళ బ్లాకులు. ప్యాసింజర్ రైలు ఈ దేశంలో ఇప్పటికీ లేదు. కారు ఉన్నవాడికి ఏదీ దూరం కాదు. లేనివాడి సంగతి వఫ్రాలో చూడాలి. టమాటా రోజూ నగరానికి పోతుంది, దాన్ని కోసిన మనిషి ఎప్పుడో ఒక శుక్రవారం, అదీ ఎవరైనా బండిలో ఎక్కించుకుంటే పోతాడు. ఈ పక్కన మన జిల్లా వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు నెలల తరబడి షెడ్డు, తోట తప్ప ఏమీ చూడకుండా బతుకుతున్నారు. తారు రోడ్డు వాళ్ళ గడప ముందు నుంచే పోతుంది. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. వీలున్నప్పుడల్లా ఒకరిద్దరిని ముందు సీట్లో ఎక్కించుకుంటాను.

మా కడప సంగతికి వస్తాను. మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం 1871లో రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది. రైలుకు ఎత్తు గిట్టదు. అందుకని రేణిగుంట దాటాక చెయ్యేటి లోయ పట్టుకుంది. కోడూరు, రాజంపేట, నందలూరు, కడప, ఎర్రగుంట్ల మీదుగా తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు. పాలకొండల అవతల, ఎత్తున ఉన్న మా రాయచోటి సీమ పక్కకు పోయింది. కడప–బెంగళూరు కొత్త లైను 2008–09లో మంజూరైతే, పెండ్లిమర్రి దాకా వచ్చి నిలిచిపోయింది. మా జేజి రైలెక్కకుండానే పోయింది.

"రైలు లేకే మేం కువైట్ వచ్చాం" అని ఒకసారి రూంలో అన్నాను. రాజంపేట నుంచి వచ్చిన ఒకాయన వెంటనే, "రైలున్న మేమూ ఇక్కడే ఉన్నాం కదప్పా" అన్నాడు. ఆ మాట నన్ను చాన్నాళ్ళు వదల్లేదు. నిజమే, రైలు పోతే చాలదు. ఆగాలి, ఆగినచోట ఏదో ఒక పని జరగాలి. గుత్తికి కోట ఉంది, పేరు ఉంది. కానీ పెద్ద ఊరైంది దారులు కలిసిన గుంతకల్లు. నందలూరులో ఆవిరి ఇంజన్లకు చెయ్యేటి నీళ్ళు పట్టినన్నాళ్ళు లోకోషెడ్డు, క్వార్టర్లు, సందడి. డీజిల్ వచ్చాక ఇంజన్లకు ఆ నీళ్ళతో పని లేకపోయింది, షెడ్డు మూతపడింది. పట్టాలు మాత్రం అలాగే ఉన్నాయి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటికాయలు ఏసీ కంటైనర్లలో రైలెక్కి ముంబయి ఓడరేవుకు, అక్కడి నుంచి గల్ఫ్‌కు వచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా గూడ్సులు నడిచే లైనే అది. కొత్తగా వచ్చింది చల్లగా ఉంచే పెట్టె, కాయ ఎక్కించే ఏర్పాటు.

కడప నుంచి రాయచోటి వచ్చే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. మలుపులు, ప్రమాదాలు. డ్రైవర్‌గా చెబుతున్నా, లోడు బండితో అక్కడ దిగడం పెద్ద టెన్షన్. అయినా ఘాట్ దగ్గర బండ్లు ఆగుతాయి కాబట్టే గువ్వలచెరువు పాలకోవా అంత పేరు తెచ్చుకుంది. ఊరంతా దాని మీద బతుకుతోంది. ఇప్పుడు అక్కడ సొరంగం తవ్వే మాట వినిపిస్తోంది. ప్రాణాలు నిలుస్తాయి కాబట్టి రావాల్సిందే. కానీ ఆ అంగళ్ళు ఎక్కడికి పోవాలో రోడ్డు ప్లాను గీసేటప్పుడే ఆలోచించాలి. కొడికొండ నుంచి పులివెందుల వైపుగా వస్తున్న బెంగళూరు–విజయవాడ ఎక్స్‌ప్రెస్‌వే కూడా అంతే. దాని మీదకు ఎక్కడపడితే అక్కడ ఎక్కలేం. పొలం మధ్యలోంచి పోయినా, ఎక్కే దారి ముప్పై కిలోమీటర్ల అవతల ఉంటే ఆ రైతుకు ఒరిగేదేమీ లేదు.

ఈసారి సెలవుకు పోయినప్పుడు మా ఊరివాళ్ళతో ఈ విషయం మాట్లాడాలి. రోడ్డు వస్తుందా అని అందరూ అడుగుతున్నారు. ఎక్కే దారి ఎక్కడ, దాని పక్కన కోల్డ్ స్టోరేజీకి స్థలం ఉందా, పల్లె నుంచి అక్కడికి తెల్లవారుజామున బస్సు ఉందా, ఈ మూడూ కలెక్టర్‌ను రాతపూర్వకంగా అడగమని చెబుతాను.