విల్లు దించడం నేర్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది

మొన్న శనివారం పొద్దున్న ఏడూ ఇరవైకి, న్యూజెర్సీ హంటర్‌డన్ కౌంటీలో ఒక మొక్కజొన్న చేను పక్కన, 14 గజాల దూరంలో నిలబడ్డ ఆడ జింకను నా రికర్వ్ విల్లుతో (చివర్లు ముందుకు వంపు తిరిగిన విల్లు) కొట్టాను. మొదటి జింక. ఇక్కడి మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు "ఎలా మొదలుపెట్టావు, ఎంత కష్టం" అని అడుగుతూ ఉన్నారు, వాళ్ళందరికీ విడివిడిగా చెప్పేకంటే గుర్తున్నంత వరకు ఒకేచోట రాసేస్తే మంచిదనిపించింది. ముందే ఒక మాట. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. నేను రాసేదంతా ఈ రాష్ట్రంలో, లైసెన్సుతో, సీజన్‌లో జరిగిన సంగతి.

నాకు విల్లు మీద మోజు ఇక్కడికి వచ్చాక పుట్టింది కాదు. మా నాన్న మారేడుమిల్లి వైపు టీచరుగా చేసిన రోజుల్లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, బడి పక్కన ఉండే ఒక కొండరెడ్ల తాత తన వెదురు విల్లు నా చేతికిచ్చి "లాగు బాబూ" అన్నాడు. నారి బెత్తెడు కూడా రాలేదు. ఆయన చెయ్యి నా చెయ్యి మీద వేసి లాగితే విల్లంతా వంగి, ఆ బరువు నా భుజం దాకా పాకింది. ఆ బరువు నాకు ఇప్పటికీ గుర్తే.

తర్వాత ముప్పై ఏళ్ళు ఆ ఊసే లేదు. చదువు, ఉద్యోగం, వీసా, ఇల్లు. నాలుగేళ్ళ కిందట ఆఫీసులో పనిచేసే ఒకతను బాణాలు వేసే రేంజికి తీసుకెళ్ళి తన కాంపౌండ్ విల్లు ఇచ్చాడు. దాని చివర్లలో చక్రాలుంటాయి, పూర్తిగా లాగాక చేతి మీద ఐదో వంతు బరువే మిగులుతుంది, గురి చూడడానికి పిన్నులుంటాయి, వదలడానికి మీట ఉంటుంది. గొప్ప యంత్రం, అందులో సందేహం లేదు. మన విజయవాడ జ్యోతి సురేఖ 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది అలాంటి విల్లుతోనే. కానీ నాకు మనసు పట్టలేదు. పక్క వరసలో డెబ్బై దాటిన ఒక పెద్దాయన లాంగ్‌బోతో వేస్తున్నాడు. పిన్నుల్లేవు, చక్రాల్లేవు, కర్రా నారీ అంతే. నేను చూస్తూ నిలబడితే "లాగి చూస్తావా" అన్నాడు. లాగాను. ఎనిమిదేళ్ళప్పటి బరువే మళ్ళీ భుజంలోకి వచ్చింది. ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను.

ఆయన దగ్గరే ఇంకో సంగతి తెలిసింది. ఇక్కడి పద్ధతిలో నారిని చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలుతో లాగుతారు, బొటనవేలికి పనే లేదు. అది వినగానే నాకు ఏకలవ్యుడు గుర్తొచ్చాడు. బొటనవేలు ఇచ్చేశాక మిగిలిన వేళ్ళతోనే వేశాడట, మునుపటి వేగం మాత్రం రాలేదట. పెద్దాయనకు ఈ కథ చెప్తే ఆయన ఇషి అనే మనిషి కథ చెప్పాడు. కాలిఫోర్నియాలో యాహి తెగలో చివరికి మిగిలిన ఒకే ఒక్కడు. 1911లో ఓరోవిల్ దగ్గర ఒంటరిగా బయటికొచ్చాడు. ఆయన నారిని బొటనవేలితోనే లాగేవాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సాక్స్టన్ పోప్ అనే డాక్టరు ఆయన దగ్గర విలువిద్య నేర్చుకున్నాడు, ఇషి 1916లో క్షయతో పోయాడు. ఇవాళ అమెరికాలో పాతకాలపు విల్లుతో వేటాడేవాళ్ళు చాలామంది తమ విద్యను ఆ ఇద్దరి దగ్గర నుంచే లెక్కపెడతారు.

ఇక షాపు. ఆ షాపు పేరు రాయను. కౌంటర్లో ఉన్నవాడు నన్ను పైనుంచి కిందికి చూసి "మగాడివి, 55 పౌండ్లు తీసుకో, జింకకి అంతైనా ఉండాలి" అన్నాడు. (నారిని పూర్తిగా లాగడానికి పట్టే బలాన్ని ఇలా పౌండ్లలో చెప్తారు.) ఈ రాష్ట్రంలో విల్లుకు కనీసం 35 పౌండ్లు ఉంటే చాలు. 40, 42తో తెల్లతోక జింకను నిక్షేపంగా కొట్టొచ్చు. ఆ ముక్క వాడికి తెలియక కాదు, 55 పౌండ్ల విల్లు ఒకటి అమ్ముడుపోక గోడకి వేలాడుతోంది. కమ్మీలు (విల్లులో వంగే పై, కింది భాగాలు) ఊడదీసి మార్చుకునే టేక్‌డౌన్ రకం ఇచ్చినా బాగుండేది, నేను కొన్న ఆ 55 మాత్రం ఒకే ముక్క. దయచేసి ఎవరూ మొదటి విల్లు షాపువాడి మాట మీద కొనకండి. 25, 30 పౌండ్లతో మొదలుపెట్టండి, టేక్‌డౌన్ కొనండి, కమ్మీలు మార్చుకుంటూ పైకి వెళ్ళండి. ఈ ఒక్క సలహా నాకెవరైనా ఇచ్చి ఉంటే రెండేళ్ళు మిగిలేవి.

లైసెన్సుకు కావలసిన హంటర్ ఎడ్యుకేషన్ పాఠాలు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, కష్టం లేదు. రాత పరీక్షా సులువే. విల్లుతో వేటకు ఇక్కడ విడిగా కోర్సు, విడిగా లైసెన్సు ఉంటాయి, అందులో బాణం వేసి చూపించాలి.

అక్కడే పోయింది పరువు.

నా వరసలో పదేళ్ళు, పన్నెండేళ్ళ పిల్లలు తండ్రులతో వచ్చారు. ఎదురుగా ఫోమ్‌తో చేసిన జింక బొమ్మ. పిల్లలు ఒక్కొక్కరూ నింపాదిగా వేస్తున్నారు. నా వంతు వచ్చింది. విల్లెత్తాను, లాగుతున్నాను, చెయ్యి ఇంకా దవడ దాకా రాలేదు, బాణం ములికి జింక భుజం వైపు తిరిగిన క్షణంలో నా వేళ్ళు వాటంతట అవే తెరుచుకున్నాయి. బాణం బొమ్మకు ముందు మట్టిలో దిగింది. రెండోది లాగే ముందు గట్టిగా ఊపిరి పీల్చుకుని "ఆగు, ఆగు" అని నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అంతే, బొమ్మ వీపు మీదుగా పొదల్లోకి పోయింది. మూడోసారి చెయ్యి వణికింది. నేర్పించే ఆయన వాలంటీరు, చాలా మంచి మనిషి, పక్కకి పిలిచి "కొన్నాళ్ళు సాధన చేసి మళ్ళీ రండి" అన్నాడు. నాతో వచ్చిన మా అబ్బాయి కంచె అవతల నిలబడి అంతా చూశాడు. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

దీన్ని టార్గెట్ పానిక్ అంటారు. ఖాళీ గోడ వైపు లాగితే ఏ ఇబ్బందీ లేదు. గురి ఎదురుగా ఉంటే మాత్రం, ములికి దాని దగ్గరికి రాగానే వేళ్ళు వదిలేస్తాయి. నువ్వు వదలవు, అవే వదిలేస్తాయి. ఎందుకిలా అవుతుందంటే, మోయలేని బరువు లాగినప్పుడు కండరాలు ఆ బరువును పట్టి ఉంచలేవు. గురి కుదిరీ కుదరకముందే వదిలించుకోవడం అలవాటవుతుంది. కొన్ని వేల సార్లు అలా చేశాక "గురి కనబడితే వదిలెయ్యి" అని మెదడులో ముద్ర పడిపోతుంది. 55 పౌండ్లు నాకు చేసింది అదే. ఎనిమిది నెలలు రోజూ సాధన చేశానని గర్వపడ్డాను, నిజానికి ఎనిమిది నెలలు ఆ జబ్బునే సాధన చేశాను.

ఈ కాలమంతా నాకు అందిన సలహా ఒకటే. "అర్జునుడికి పక్షి కన్నే కనబడింది, నువ్వూ అలా చూడు." ఫోన్లో మా బావ, ఇక్కడ స్నేహితులు, ఎవరిని కదిపినా ఇదే. వాళ్ళకి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. నా జబ్బే అది. నాకు కన్ను తప్ప ఇంకేం కనబడటం లేదు, కన్ను కనబడగానే బాణం చేతిలో ఉండటం లేదు. ద్రోణుడు వదలమనేదాకా అర్జునుడు లాగిపట్టుకుని నిలబడ్డాడు కదా, ఆ సంగతి ఒక్కరూ చెప్పరు. ఎంతసేపు నిలబడ్డాడో, గురువు ఒకవేళ "వద్దు, దించు" అని ఉంటే దించగలిగేవాడో, నాకు కావలసింది ఆ పాఠం.

ఆ పాఠం పెద్దాయనే చెప్పాడు. "ఎన్ని పౌండ్లు?" అని అడిగాడు, 55 అన్నాను, ఏమీ అనకుండా నా విల్లు తీసుకెళ్ళి తన కారు డిక్కీలో పెట్టేసుకున్నాడు. 28 పౌండ్ల పాత టేక్‌డౌన్ ఒకటి ఇచ్చాడు. మార్చి దాకా గురి అన్న మాటే ఉండకూడదన్నాడు. గరాజ్‌లో మూడడుగుల దూరంలో గడ్డిమోపు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రోజుకి నలభై బాణాలు. నోటి మూలకు వేలు తగలాలి, వీపు కండరం బిగియాలి, నాలుగు లెక్కపెట్టాలి, అప్పుడు వదలాలి. న్యూజెర్సీ చలిలో, జాకెట్ వేసుకుని, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని బాణాలు వేసే మొగుణ్ణి చూసి మా ఆవిడ మొదట కంగారు పడింది, తర్వాత గరాజ్‌లో చిన్న హీటర్ పెట్టింది. ఆ హీటర్ నేను మరిచిపోను.

మార్చిలో రెండో దశ. గడ్డిమోపు మీద రూపాయి బిళ్ళంత చుక్క పెట్టాలి, లాగాలి, గురి పెట్టాలి, మూడు లెక్కపెట్టి దించెయ్యాలి. వదలకూడదు. ఒక్కటి కూడా. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. మొదటి సాయంత్రం ఇరవైసార్లు లాగితే పదకొండు సార్లు బాణం పోయింది. నలభై రెండేళ్ళ మనిషిని, నా వేళ్ళు నా మాట వినకపోతే గరాజ్‌లో కూర్చుని ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. "పదికి పది దించిన రోజు ఒకటి వదులు" అన్నాడు పెద్దాయన. ఆ రోజు రావడానికి ఐదు వారాలు పట్టింది. తర్వాత విల్లు కమ్మీకి క్లికర్ అని చిన్న రేకు అంటించాడు, పూర్తిగా లాగితేనే అది టిక్ మంటుంది, ఆ చప్పుడు విన్నాకే వదలాలి. అంటే వదలమని చెప్పేది కన్ను కాదు, చెవి. మే నెలలో మళ్ళీ పరీక్షకు వెళ్ళాను, పాసయ్యాను. ఇవాళ 15 గజాల్లో ఆరు బాణాలు వేస్తే ఐదు కాఫీ సాసర్లో పడతాయి. ఇది గొప్ప కోసమే చెప్తున్నాను, కష్టపడి సంపాదించుకున్నాను మరి.

బాణాల సంగతి కూడా చెప్పాలి, అక్కడా షాపువాడు ముంచాడు. బాణం వదిలినప్పుడు విల్లు చుట్టూ పాములా వంగి వెళ్తుంది, అది ఎంత వంగాలో విల్లు బరువుకు తగ్గట్టు ఉండాలి. 28 అంగుళాల ఎడంలో రెండు ఆనుల మీద బాణం పెట్టి మధ్యలో 880 గ్రాములు వేలాడదీస్తే అర అంగుళం వంగేదాన్ని 500 అంటారు. అంకె చిన్నదైతే బాణం గట్టిది. వాడు నాకిచ్చినవి 400. ఇప్పుడు నేను వాడే 42 పౌండ్ల కమ్మీలకు అవి కట్టెలే. ఈకలు లేని బాణం వేసి చూస్తే ప్రతిసారీ ఎడమకు పోయేది, కుడిచేతి వాటం వాళ్ళకు అలా పోతే బాణం గట్టిదని అర్థం. 600 తెప్పించాక తిన్నగా దిగింది.

లైసెన్సు, పర్మిట్ ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. పొలం అనుమతి మాత్రం తలుపు తట్టి అడిగాను. ఆ రైతు మొక్కజొన్న, సోయా అంచులన్నీ జింకలే తింటున్నాయి, వెంటనే ఒప్పుకున్నాడు. ఇక్కడ తోడేళ్ళు లేవు, ప్యూమాలు లేవు, జింకలకు అడ్డు ఎక్కువగా కార్లూ వేటగాళ్ళే. మా పార్టీల్లో చేతిలో చికెన్ బిర్యానీ పెట్టుకుని "పాపం జింక, నీకు జాలి లేదా" అని అడిగేవాళ్ళకి ఒకటే చెప్తున్నాను. మీ ప్లేట్లో కోడి ఒక్కరోజు కూడా ఎండ చూసి ఉండదు. నేను తినేదాన్ని నేనే చంపుతాను, దాని బాధ్యత నాదే. 30 పౌండ్లు, అంతకు మించిన ప్రతి విల్లు మీద 11 శాతం పన్ను వసూలు చేసి రాష్ట్రాల్లో వన్యప్రాణుల పనులకూ, వేట శిక్షణకూ ఇస్తారు, ఆ చట్టం 1937 నాటిది, విల్లంబులను 1972లో చేర్చారు.

మొదటి సీజన్ 19 సార్లు చెట్టెక్కి కూర్చున్నాను, ఒక్కసారీ వెయ్యలేదు. (చెట్టెక్కితే హార్నెస్ (జారినా పడిపోకుండా పట్టే బెల్టు) కట్టుకోకుండా ఎక్కకండి, ఇందులో బేరం లేదు.) రెండో సీజన్ నవంబర్లో 22 గజాల్లో ఒక ఆడ జింక నావైపు తిరిగి నిలబడింది. ఛాతీ ఎముక అడ్డం, బాణం పక్కకు పోతే దెబ్బతిని రోజుల తరబడి బాధపడుతుంది. లాగాను, గురి కుదిరింది. నెమ్మదిగా దించేశాను. అది చెవులు రిక్కించి చూసి వెళ్ళిపోయింది. నా జీవితంలో విల్లుతో చేసిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, శనివారం నాటి దానికంటే కూడా. ఇంటికి ఖాళీ చేతుల్తో వచ్చి మా ఆవిడకి చెప్తే "దించావా!" అంది. తనకి అర్థమైంది.

శనివారం గాలి నా ముఖంలోకి కొడుతోంది. జింక కొంచెం అటువైపు తిరిగి, తల దించి మేస్తోంది, వెంట పిల్లలు లేవు. ముందుకాలు వెనక ఒక్క వెంట్రుక మీద కన్ను పెట్టాను. టిక్. అంతే గుర్తుంది. అరగంట కదలకుండా కూర్చున్నాను. దిగి చూస్తే నేల మీద నురుగుతో లేత ఎరుపు నెత్తురు, అంటే ఊపిరితిత్తులు. అరవై అడుగులు నడిచేసరికి రాళ్ళగోడ పక్కన పడి ఉంది. చాలాసేపు దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. సంతోషం అనే మాట సరిపోదు, బాధ అనే మాటా సరిపోదు. తర్వాత ఫోన్లో నమోదు చేశాను, రైతు ట్రాక్టర్ తెచ్చాడు.

అమ్మకి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చప్పున పోయిందా?" అని అడిగింది. పోయిందమ్మా అన్నాను. "అయితే పారెయ్యకుండా వండుకోండి" అంది. వెనకకాళ్ళ మాంసంలో కొవ్వు ఉండదు, ఎక్కువ వేయిస్తే చెప్పులా అవుతుంది. పిక్క ముక్కలు కుక్కర్లో మెత్తగా ఉడికించి గోంగూర వేశాం. సగం మాంసం పెద్దాయన ఇంటికి పట్టుకెళ్ళాను.

ఆ బాణం మాత్రం రాళ్ళకి తగిలి ఒక ఈక ఊడిపోయింది, కాడ బాగానే ఉంది. ఇవాళ సాయంత్రం టర్కీ కోడి ఈక కొత్తది అంటించాలి. మా అబ్బాయి తనే అంటిస్తానన్నాడు, జిగురు ఆరేదాకా కదపకుండా పట్టుకోగలడేమో చూడాలి.