పీహెచ్‌పీ కలెక్షన్ క్లాస్‌లో లుకప్ వేగం పెంచడం: నా అనుభవం

పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన నా కలెక్షన్ క్లాస్ పని, బోలెడు ఆబ్జెక్టుల్ని ఒకచోట ఉంచడం. దాని లోపల ఉన్నది మామూలు అర్రే (విలువల వరస). ‘ఈ ఆబ్జెక్ట్ ఉందా?’ అని చూసే మెథడ్ దాన్ని మొదటి నుంచి ఇన్_అర్రే అనే ఫంక్షన్‌తో గాలిస్తోంది. ఒకసారి పిలిస్తే తేడా తెలియదు. 5,000 ఆబ్జెక్టుల లూపులోంచి 5,000 ఉన్న కలెక్షన్‌ను అడిగితే, ఏదీ దొరకని పక్షంలో పోలికలు 2.5 కోట్లు.

ముందు ఇన్_అర్రేకు మూడో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇచ్చాను, అంటే అదే ఆబ్జెక్టా కాదా అని మాత్రమే చూడమన్నాను. అది లేకపోతే ఒకే క్లాస్ ఆబ్జెక్టుల్ని పీహెచ్‌పీ ప్రాపర్టీల వారీగా, లోపలి ఆబ్జెక్టుల్లోకి కూడా దిగి పోలుస్తుంది. పేరెంట్, చైల్డ్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే ‘నెస్టింగ్ లెవెల్ టూ డీప్’ అంటూ ఫేటల్ ఎర్రర్ కూడా రావచ్చు. ట్రూతో ఒక్కో పోలిక తేలికైంది గానీ, పోలికల సంఖ్య తగ్గలేదు.

అందుకే ఎస్‌పీఎల్_ఆబ్జెక్ట్_ఐడీ అనే ఫంక్షన్ ఒక్కో ఆబ్జెక్టుకు ఇచ్చే అంకెనే అర్రే కీగా పెట్టాను. ఈ ఫంక్షన్ పీహెచ్‌పీ 7.2 నుంచి ఉంది. చేర్చేటప్పుడు ఆ కీ కింద ఆబ్జెక్టు, ఉందో లేదో చూడటానికి ఇస్‌సెట్, తీసేయడానికి అన్‌సెట్. చేర్చిన వరస చెదరదు. వాల్యూగా ఆబ్జెక్టునే ఉంచాలి. దాని బదులు ట్రూ పెట్టి సరిపెట్టుకుంటే, ఆ ఆబ్జెక్ట్ మెమరీలోంచి పోయాక అదే అంకె కొత్తదానికి రావచ్చు. లేనిది ఉన్నట్టు చూపిస్తుంది, పట్టుకోవడం మహా కష్టం.

కీలు మారాక జేసన్ (డేటాను టెక్స్టుగా పంపే ఫార్మాట్) అవుట్‌పుట్ లిస్టుగా కాక ఆబ్జెక్టుగా వచ్చింది. బయటికిచ్చే ప్రతిచోటా, కీలు వదిలేసి విలువలే ఇచ్చే అర్రే_వాల్యూస్ వాడాల్సి వచ్చింది. సీరియలైజ్ చేసేటప్పుడూ (దాచడానికి టెక్స్టుగా మార్చేటప్పుడూ) జాగ్రత్త పడాలి: అన్‌సీరియలైజ్ అయిన ఆబ్జెక్టులకు పాత అంకెలు వర్తించవు, ఇండెక్స్ (ఆ అంకెల కీలతో ఉన్న అర్రే) మళ్లీ కట్టాలి. రెండు కలెక్షన్లను కలిపేచోట అర్రే_మెర్జ్ పనికిరాదు, అది అంకెల కీలను సున్నా నుంచి తిరగరాస్తుంది. ప్లస్ ఆపరేటర్ వాడాను.

డేటాబేస్ ఐడీతో వెతకడానికి ఇంకో అర్రే వేశాను. ఇంకా సేవ్ కాని ఆబ్జెక్టుల ఐడీ నల్, అంటే విలువ లేనిది. కీగా అది ఖాళీ స్ట్రింగ్ అవుతుంది కాబట్టి అవన్నీ ఒకదానిమీదొకటి పడి చివరిదే మిగులుతుంది. నల్ ఉన్నవాటిని ఈ ఇండెక్సులో చేర్చకుండా, సేవ్ అయ్యాకే చేర్చాను. ఐడీ సెట్టర్ (ఐడీని మార్చే మెథడ్) బయటికి తెరిచి ఉంటే మాత్రం ఇండెక్స్‌ను నమ్మలేం. పీహెచ్‌పీ 8.1, ఆపైన ఉన్నవాళ్లు ఆ ప్రాపర్టీని రీడ్‌ఓన్లీ చేసేయొచ్చు, కాకపోతే ఐడీని క్లాస్ లోపలి నుంచి ఒక్కసారే ఇవ్వగలం, ముందే నల్ పెడితే తర్వాత మార్చలేం.

ఆబ్జెక్టుల్ని దాచడానికి పీహెచ్‌పీలోనే ఎస్‌పీఎల్‌ఆబ్జెక్ట్‌స్టోరేజ్ అనే క్లాస్ ఉండగా ఇదంతా ఎందుకంటే, నాకు కావలసింది రెండు రకాల కీలు: ఆబ్జెక్ట్ అంకె, డేటాబేస్ ఐడీ. ఆబ్జెక్ట్ ఉందా లేదా అన్నంతవరకే అయితే అదే చాలు.