పాంగ్ మాఫా సున్నపురాయి గుహల్లో

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై నుంచి 1095 నంబరు రోడ్డు మీద పాయ్ అనే ఊరు చేరేసరికి 762 మలుపులు. పాయ్ దాటాక కూడా ఘాట్ రోడ్డే. కడుపులో తిప్పేవాళ్లు బయల్దేరకముందే మాత్ర వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక పెద్దగా పనిచేయదు. మేం సోప్పాంగ్‌లో దిగాం. మయన్మార్ సరిహద్దును ఆనుకుని ఉన్న పాంగ్ మాఫా జిల్లాకు ఇదే ముఖ్యపట్నం.

థామ్ లాట్ గుహ ఇక్కడికి ఉత్తరాన సుమారు 9 కిలోమీటర్లు. నామ్ లాంగ్ ఏరు కొండలోకి దూరి అవతలివైపు తేలుతుంది. లోపల కరెంటు లేదు. గ్యాస్ లాంతరు పట్టుకున్న స్థానిక గైడు లేనిదే పంపరు, ఒక లాంతరుకు ముగ్గురు. ఆ వెలుగు పైకప్పుకు అందదు కాబట్టి తలకు కట్టుకునే టార్చి కూడా ఉండాలి.

మొదట వచ్చేది స్తంభాల గది. కారే నీటిలో కరిగి ఉన్న సున్నం, ఆ నీటిలోంచి బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోగానే రాయిగా పేరుకుంటుంది. చేత్తో తాకితే చర్మం జిడ్డు అంటుకుని ఆ పేరుకోవడం దెబ్బతింటుంది. తర్వాత బొమ్మల గది. మూడోదైన ఫీ మాన్‌కు వెదురు తెప్ప మీద వెళ్లాం. రానూపోనూ తెప్ప ముందే మాట్లాడుకోవాలి. మెట్ల మీద గబ్బిలాల రెట్ట జారుతుంది, పట్టున్న చెప్పులు తప్పనిసరి.

ఈ జిల్లాకు రావాల్సింది ఫీ మాన్‌లోని శవపేటికల కోసమే అంటాను. టేకు దుంగను నిలువునా చీల్చి, రెండు సగాలనూ దోనెలా తొలిచారు. ఇలాంటివి ఇక్కడి కొండల్లో చాలా గుహల్లో ఉన్నాయి. సుమారు 2,300 నుంచి 1,000 ఏళ్ల కిందటివి.

అమెరికన్ పురావస్తు పరిశోధకుడు చెస్టర్ గోర్మన్ 1966లో తవ్విన ‘స్పిరిట్ కేవ్’ ఇదేనని చాలామంది పొరబడతారు. దాన్నీ స్థానికంగా ఫీ మాన్ అనే అంటారు గానీ అది వేరే కొండ మీద ఉంది. థామ్ లాట్ పక్కనే, ముందుకు వంగిన కొండరాయి కింద ఉన్న రాతిగూడును మాత్రం వదలొద్దు. శిల్పకార్న్ విశ్వవిద్యాలయానికి చెందిన పురావస్తు శాస్త్రవేత్త రస్మీ షూకాంగ్‌డేజ్ బృందానికి అక్కడ 13,000 ఏళ్లు దాటిన స్త్రీ అస్థిపంజరం దొరికింది.

సాయంత్రం వేలాది స్విఫ్ట్ పిట్టలు ఫీ మాన్ దగ్గర ఏరు బయటపడే ద్వారం గుండా గూటికి చేరతాయి, కాబట్టి ఫీ మాన్‌ను పొద్దు వాలే వేళకు ఉంచుకోవాలి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఏరు పొంగితే తెప్పలు ఆపేస్తారు. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా అడవులు, పొలాలు తగలబెట్టిన పొగలో ఎదురుగా ఉన్న కొండే కనబడదు. నవంబరు నుంచి జనవరి మధ్యలో వెళ్లండి, రాత్రి చలికి స్వెటరు పెట్టుకోండి.