నీలిసూత్రము

ప్రధానయాజకుని వస్త్రాలను వివరించే నిర్గమకాండము 28వ అధ్యాయం మీద ప్రసంగం వినకుండా గడిచిన సంవత్సరం నాకు గుర్తు లేదు. ప్రతిసారీ అతని రొమ్ము మీది పతకంలో పొదిగిన పన్నెండు రాళ్ల దగ్గరే కాలం గడిచిపోతుంది. మాణిక్యానికి ఒక గుణం, మరకతానికి ఒక గుణం, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క వాగ్దానం పంచిపెడుతూ పోతారు. ఆ హెబ్రీ పేర్లలో చాలావాటికి సరిగ్గా ఏ రాయి అన్న విషయంలో పండితులకే ఏకాభిప్రాయం లేదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ తరువాత తప్పక వచ్చేది తాడు కథ. ప్రధానయాజకుడు అతిపరిశుద్ధ స్థలంలో చనిపోతే అతని అంగీ అంచున ఉన్న గంటల చప్పుడు ఆగిపోతుందనీ, అప్పుడు అతని కాలికి కట్టిన తాడు పట్టుకొని బయటికి లాగేవారనీ ఎంతో నమ్మకంగా చెబుతారు. మోషే ధర్మశాస్త్రంలో ఆ తాడు ఎక్కడా లేదు. అది మధ్యయుగంలో వెలువడిన యూదుల మర్మగ్రంథమైన జోహారులో కనబడే మాట. పైగా ఏటా ఒక్కసారి లోపలికి వెళ్లే ప్రాయశ్చిత్తార్థ దినాన అతడు గంటలున్న నిలువుటంగీతో తెర లోపలికి వెళ్లడు. ఆ రోజు అతడు సన్ననార వస్త్రాలే ధరించి వెళ్లాలని లేవీయకాండము 16:4 స్పష్టంగా చెబుతోంది. లేని తాడు గురించి ఇంతసేపు మాట్లాడే మనం, అదే అధ్యాయంలో నిజంగా ఉన్న ఒక దారాన్ని చూడకుండా దాటిపోతున్నాం. నా బాధంతా దాని గురించే.

ఆ దారం 28వ వచనంలో ఉంది. పతకం, అంగీ మీద తొడిగే భుజఖండాలున్న పై వస్త్రమైన ఏఫోదు నుండి విడిపోకుండా, పతకపు ఉంగరాలను ఏఫోదు ఉంగరాలకు నీలిసూత్రంతో కట్టమని దేవుడు మోషేకు ఆజ్ఞాపించాడు. చదువుతుంటే దర్జీకి చెప్పే కొలతల్లో ఒకటిగా అనిపించే మాట ఇది. అయితే ఆ దారం దేనిని దేనికి కట్టిందో చూడండి.

ఏఫోదు భుజఖండాల మీద రెండు లేతపచ్చ రాళ్లున్నాయి. ఒక్కొక్క రాతి మీద ఆరు పేర్ల చొప్పున, ఇశ్రాయేలు కుమారుల పేర్లు వారి జనన క్రమం చొప్పున చెక్కారు. ఇక రొమ్ము మీది పతకం జేనెడు పొడవు, జేనెడు వెడల్పు గల చచ్చౌకం. బట్టను మడిచి రెండు పొరలుగా చేసినది. అందులో నాలుగు వరుసల్లో పన్నెండు రాళ్లు, ఒక్కొక్క రాతి మీద ఒక్కొక్క పేరు. ఒకే జనం పేర్లను ఒకే మనిషి ఒంటి మీద రెండుసార్లు చెక్కించడం ఎందుకు? భుజం బరువు మోసే చోటు. అక్కడ ఆరుగురూ ఆరుగురూ కలిసి ఉన్నారు. రొమ్ము మీద మాత్రం ఒక్కొక్కరికి సొంత రాయి, సొంత రంగు, సొంత స్థలం ఉన్నాయి. సంఘ భారాన్ని మోయడం ఒకటి, సంఘంలోని ప్రతి మనిషినీ పేరుపేరునా గుండెకు హత్తుకోవడం మరొకటి. ఈ రెండూ ఒకదాని నుండి ఒకటి విడిపోకుండా పట్టి ఉంచినది ఆ నీలిసూత్రం.

పతకం పైఅంచును భుజాలకు కట్టినవి బంగారు గొలుసులు. అవి అందరికీ కనబడతాయి. కింది రెండు ఉంగరాలు మాత్రం పతకం లోపలి అంచున, ఏఫోదు వైపు ఉన్నాయి. నీలిసూత్రం వేసి కట్టింది వాటికే. యాజకుని పని నిటారుగా నిలబడి చేసేది కాదు. దీపాలు సరిచేయడానికి వంగాలి, ధూపం వేయడానికి వంగాలి. గొలుసులు మాత్రమే ఉంటే వంగిన ప్రతిసారీ ఆ పేర్లన్నీ రొమ్మును వదిలి గాలిలో ఊగుతాయి. వంగినప్పుడు కూడా పేర్లు గుండెను వదలకూడదని ఆ వచనం చెబుతున్నట్లు నాకు వినిపిస్తుంది.

నేను సంఘపెద్దగా సేవ చేస్తున్న సంఘంలో శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు చీటీల పెట్టె ఒకటి ఉండేది. చీటీలు తీసి చదవడం నా వంతు. నలభై, యాభై వచ్చిన రోజుల్లో పేర్లు చదవడం మానేసి, "ప్రభువా, ఈ విన్నపాలన్నీ నీకు తెలుసు" అని పెట్టె మీద చేయి వేసి ముగించేవాణ్ణి. ఒకరోజు ఒక తల్లి గేటు దగ్గర నన్ను ఆపింది. కొడుకు గల్ఫ్‌కు వెళ్లి అప్పటికి ఆరు నెలలు. ఫోను రావడం ఆగిపోయి మూడు వారాలు. "అయ్యా, మా పిల్లోడి కోసం ప్రార్థన చేస్తున్నారు గదా?" అని అడిగింది. చేస్తున్నానమ్మా అన్నాను. "వాడి పేరు మీ నోట ఒకసారి వినాలనుందయ్యా" అంది. నాకు ఆ పేరు తెలియదు. నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. ఏమీ అనకుండా తానే ఆ పేరు చెప్పి, చెంగు సర్దుకొని వెళ్లిపోయింది. ఆ రాత్రి 28వ అధ్యాయం తెరిచినప్పుడు 28వ వచనం దగ్గర ఆగిపోయాను. అంతకుముందు ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

ఆ పేర్లు ఎలాంటివారివో కూడా గమనించాలి. తండ్రి మంచాన్ని అపవిత్రపరచిన రూబేను మొదటి పేరు. కత్తి దూసిన షిమ్యోను, లేవీలను తండ్రి యాకోబు తన మరణశయ్య మీద గద్దించాడు. దాను గోత్రం తరువాత విగ్రహాన్ని నిలబెట్టుకొన్నది. ఒక్క పేరును కూడా తీసివేయమని ఆజ్ఞ రాలేదు. సిరాతో రాసినది కాదు గనుక కడిగివేయడానికీ వీలు లేదు. ముద్రను చెక్కినట్లు రాతిలో చెక్కించాడు దేవుడు. ఇంకొక మాట. కొండ మీద ఈ వస్త్రాల కొలతలు మోషేకు వినిపిస్తున్న ఆ నలభై దినాల్లోనే, కొండ కింద, ఆ వస్త్రాలు తొడుక్కోవలసిన అహరోనే జనుల చెవిపోగులు కరిగించి వారు పూజించడానికి దూడను పోతపోస్తున్నాడు. 28వ అధ్యాయానికీ, వస్త్రాలు నిజంగా కుట్టిన 39వ అధ్యాయానికీ నడుమ ఆ 32వ అధ్యాయం ఉంది. అయినా కొలతలు మారలేదు, మనిషీ మారలేదు. బంగారాన్ని రేకులుగా కొట్టి, తీగెలుగా కత్తిరించి, నీల ధూమ్ర రక్తవర్ణాల నూలుతో కలిపి నేసిన ఆ వస్త్రాన్ని ఆ చేతులవాడికే తొడిగారు.

చివరకు హోరు కొండ మీద ఆ వస్త్రాలను మోషే అతని ఒంటి మీద నుండి తీసి కుమారుడైన ఎలియాజరుకు తొడిగాడు. అహరోను అక్కడే చనిపోయాడు. ఆ రోజు పన్నెండు పేర్లు ఒక గుండె మీద నుండి మరొక గుండె మీదికి వెళ్లాయి, కింద పడలేదు. సంఖ్యాకాండము 20వ అధ్యాయంలోని ఆ దృశ్యం చదివినప్పుడల్లా, మరణం అడ్డురాని యాజకత్వం గురించి హెబ్రీపత్రిక 7వ అధ్యాయం చెప్పేది ఎంత అవసరమైన మాటో తెలుస్తుంది. పట్టబడిన రాత్రి యేసు "సీమోనూ, సీమోనూ" అని రెండుసార్లు పేరు పెట్టి పిలిచి, నీ కొరకు వేడుకొన్నానని చెప్పాడు. కోడి కూయక ముందే, తనను ఎరుగనని సీమోను బొంకక ముందే చెప్పాడు. పెట్టె మీద చేయి వేసి అందరినీ ఒక్క మాటలో కలిపివేయలేదు.

కాబట్టి సహోదరులారా, చీటీ చదివేటప్పుడు పేరును మింగేయకండి. "మీ కోసం ప్రార్థిస్తాను" అన్న మాటను వీడ్కోలు మాటగా వాడకండి. పేరు గుర్తుండకపోతే కాగితం మీద రాసుకోండి, రాసుకొన్నది మోకాళ్ల మీద ఉన్నప్పుడు తెరవండి.

ఆ దారానికి రంగు తేలికగా రాలేదు. హెబ్రీలో తెకేలెత్ అనే ఆ నీలాన్ని సముద్రపు నత్తల నుండి తీసేవారు. ఒక్కొక్క నత్తలో దొరికేది చాలా కొద్ది రంగు. అద్దకపు తొట్టిలో ఉన్నప్పుడు ఎండ తగిలితే ఊదా తగ్గి ఆకాశం లాంటి నీలం తేలుతుంది. అంత ఖరీదైన రంగు యాజకునికే పరిమితమని అనుకొంటాం. అయితే సంఖ్యాకాండము 15:38 చూడండి: ఇశ్రాయేలీయులు తమ బట్టల అంచులకు కుచ్చులు చేసుకొని, వాటి మీద నీలిసూత్రం తగిలించుకోవాలి. హెబ్రీలో రెండు చోట్లా ఒకే మాట, పెతీల్ తెకేలెత్. ప్రధానయాజకుని పాగా మీద బంగారు రేకును కట్టిందీ అదే. ప్రత్యక్షపు గుడారం లోపలికి ఎన్నడూ అడుగుపెట్టని గొర్రెల కాపరి, ఎండలో మంద వెంట నడుస్తూ తల దించి తన బట్ట అంచు చూసుకొంటే, లోపల తన గోత్రం పేరును యాజకుని గుండెకు కట్టి ఉంచిన దారం లాంటిదే అక్కడ కనబడేది.