రన్‌వే ముందు నాలుగు పసుపు గీతలు

ఫ్లయింగ్ నేర్చుకునేవాళ్లకు టెన్షనంతా ల్యాండింగ్ గురించే. నాకు మాత్రం నేల మీద విమానాన్ని నడిపే, అంటే టాక్సీ చేసే, ఆ కాసేపే ఎక్కువ జాగ్రత్త అవసరం అనిపిస్తుంది, ఎందుకంటే రాత్రిపూట కాక్‌పిట్‌లోంచి చూస్తే ఏ దారి చూసినా ఒకేలా కనిపిస్తుంది, మనం ఎక్కడున్నామో చెప్పేవి లైట్లూ గీతలూ బోర్డులే.

రన్‌వే మీద గీతలూ అంకెలూ తెలుపు, రన్‌వేకి వెళ్లివచ్చే దారి, అంటే టాక్సీవే, మీదివి పసుపు. అన్నిటికంటే ముందు బుర్రకెక్కాల్సింది రన్‌వే హోల్డింగ్ పొజిషన్, అంటే రన్‌వేకి ముందు ఆగాల్సిన చోటు. పక్కపక్కనే నాలుగు పసుపు గీతలు, రెండు తెగకుండా, రెండు తెగి తెగి. తెగని గీతలు మన వైపు ఉంటే, కంట్రోల్ టవర్ ఉన్న ఎయిర్‌పోర్ట్‌లో అనుమతి లేకుండా వాటిని దాటకూడదు. తెగిన గీతలు మన వైపు ఉంటే రన్‌వే నుంచి బయటికి వస్తున్నట్టు. అప్పుడు మధ్యలో ఆగకూడదు, తోకతో సహా విమానం మొత్తం అవతలికి వచ్చాకే రన్‌వే ఖాళీ చేసినట్టు లెక్క. ముక్కు దాటగానే బ్రేకు వేసి చెక్‌లిస్ట్ తీస్తే, వెనక ఫైనల్‌లో, అంటే దిగడానికి రన్‌వేకి ఎదురుగా వస్తున్నవాళ్లు, గోఅరౌండ్ చేయాల్సి (దిగకుండా మళ్లీ పైకి లేవాల్సి) రావచ్చు.

ఆ గీతల పక్కనే ఎర్ర బోర్డు మీద తెల్లగా 09-27 అని, రన్‌వే రెండు చివరల అంకెలు ఉంటాయి. ఆ వరసకీ అర్థం ఉంది, 09 ఎడమన రాసి ఉంటే 09 మొదలయ్యే చివర మనకు ఎడమ వైపు ఉన్నట్టు. నల్ల బోర్డు మీద పసుపు అక్షరం మనం ఇప్పుడున్న టాక్సీవే, పసుపు బోర్డు మీద నల్ల అక్షరమూ బాణమూ ముందున్న దారి.

అంకెలు అయస్కాంత దిక్కును బట్టి పెడతారు, 27 అంటే దాదాపు 270 డిగ్రీలు. రన్‌వే మీద లైనప్ అయ్యాక హెడింగ్‌ను, అంటే విమానం ముక్కు ఉన్న దిక్కును, ఆ అంకెతో సరిచూసుకోవడానికి రెండు సెకన్లు చాలు. 2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో, ఇంకా తెల్లవారకముందే, కోమేర్ 5191 విమానం 22 రన్‌వేకి బదులు 26 రన్‌వే మీదికి వెళ్లి టేకాఫ్ మొదలుపెట్టింది. ఆ రన్‌వే పొడవు ఆ విమానానికి సరిపోదు. 49 మంది చనిపోయారు. రెండు రన్‌వేల దిక్కుకూ తేడా దాదాపు 40 డిగ్రీలు, అది ఎదురుగా ఉన్న ఇన్‌స్ట్రుమెంట్‌లోనే కనిపిస్తుంది! ఈ ప్రమాదం గురించి చదివినప్పుడల్లా మనసు పాడవుతుంది.

రన్‌వే మొదట్లో తెల్ల బాణాలు ఉంటే అక్కడి నుంచి టేకాఫ్ మొదలుపెట్టొచ్చు, ల్యాండింగ్‌లో మాత్రం వాటిని దాటాకే చక్రాలు ఆనాలి. వి ఆకారంలో పసుపు గీతలుంటే ఆ భాగం దేనికీ వాడకూడదు.

కొత్త ఎయిర్‌పోర్ట్‌లో, ముఖ్యంగా వానలో పెయింట్ సరిగ్గా కనపడనప్పుడు, గీతలకు ముందే ఆగి ప్రోగ్రెసివ్ టాక్సీ అడగండి. ఏ మలుపు తిరగాలో టవర్ వాళ్లే ఒక్కొక్కటిగా చెబుతారు.