ఓఎస్ మళ్లీ వేశాక రెయిడ్ 5ని తిరిగి లేపడం: వర్క్ లాగ్

సెటప్

నాలుగు 4 టీబీ హార్డ్‌డిస్కులు. పార్టిషన్లు చేయకుండా డిస్కులకు డిస్కులనే చేర్చి కట్టిన లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ 5, అంటే ఒక డిస్కు పోయినా మిగతావాటి నుంచి డేటా లెక్కగట్టుకోగలిగే కూర్పు. దాని మీద ఎల్‌వీఎం (చోటుని వాల్యూమ్‌లుగా పంచే పొర), ఆపైన ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్. ఓఎస్ వేరే ఎస్‌ఎస్‌డీలో ఉండేది. దాన్ని చెరిపి డెబియన్ కొత్తగా వేయడంతో వాల్యూమ్ మాయమైంది. పైగా ఇన్‌స్టాలర్ నాలుగో డిస్కు మీద ఖాళీ జీపీటీ టేబుల్ (పార్టిషన్ల జాబితా) ఒకటి రాసిపెట్టింది.

ఇంతమాత్రానికి డేటా పోయినట్టు కాదు. రెయిడ్ వివరాలు ప్రతి డిస్కు మీదా సూపర్‌బ్లాక్ అనే చిన్న భాగంలో ఉంటాయి. పాత ఓఎస్‌తో పోయిన ఎండీఏడీఎం (లినక్స్ రెయిడ్‌ని నడిపే టూల్) కాన్ఫిగ్ ఫైల్‌ని డిస్కులు చదివి ఒక్క కమాండ్‌తో మళ్లీ పుట్టించుకోవచ్చు. ఈ దశలో కొంప ముంచేది ఎండీఏడీఎం క్రియేట్. చాలామంది దాన్ని "మళ్లీ కలపడం" అనుకుని కొడతారు. కలపడానికి ఉన్నది అసెంబుల్. క్రియేట్ పాత సూపర్‌బ్లాక్‌ల మీద కొత్తవి రాస్తుంది. రెయిడ్ 5లో అయితే చివర ఇచ్చిన డిస్కుని స్పేర్‌గా తీసుకుని, మిగతావాటి నుంచి లెక్కగట్టి దాన్ని నింపడం వెంటనే మొదలుపెడుతుంది. డిస్కుల వరసో, చంక్ సైజో (ఒక్కో డిస్కు మీద ఒక్కసారికి పడే ముక్క పరిమాణం) తేడా ఉంటే ఆ డిస్కు చెత్తతో నిండిపోతుంది.

ముందు చదవడమే

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు రీబూట్‌కి మారిపోవచ్చు. అందుకే ఏ సీరియల్ నంబర్ డిస్కు ఏదో కాగితం మీద రాసుకుని, బై-ఐడీ ఫోల్డర్‌లోని పేర్లే వాడాలి. తర్వాత ఒక్కో డిస్కు మీద ఎండీఏడీఎం ఎగ్జామిన్ నడిపి అవుట్‌పుట్ ఫైల్‌లో దాచాలి. మూడు డిస్కులు చెప్పినవి:

- మెటాడేటా వెర్షన్ 1.2, చంక్ 512 కేబీ, లేఅవుట్ లెఫ్ట్-సిమెట్రిక్
- డేటా ఆఫ్‌సెట్ 264192 సెక్టార్లు, అంటే 129 ఎంబీ
- యూజ్డ్ డెవ్ సైజ్ 7813772288 సెక్టార్లు, చివర వాడకుండా మిగిలినవి 688
- డివైస్ రోల్: 0, 1, 2
- ఈవెంట్స్ అంకె మూడింటిలోనూ ఒకటే

వీటిలో ముందు చూడాల్సింది ఈవెంట్స్. అరే (డిస్కులన్నీ కలిసిన రెయిడ్ సమూహం) స్థితి మారినప్పుడల్లా ఆ కౌంటర్ పెరుగుతుంది. అన్నింటిలోనూ ఒకటే ఉందంటే డిస్కులు ఒకే క్షణం దగ్గర ఆగాయని అర్థం. ఒకదానిది కొద్దిగా వెనకబడితే అసెంబుల్‌కి ఫోర్స్ చేర్చి లాగొచ్చు. వేలల్లో తేడా ఉంటే అది ఎప్పుడో రాలిపోయిన పాత డిస్కు. దాన్ని కలిపితే పాత డేటా, కొత్త డేటా కలగాపులగం అవుతాయి.

నాలుగో డిస్కు మాత్రం సూపర్‌బ్లాకే లేదంది. కారణం లెక్కలో ఉంది. 1.2 వెర్షన్ సూపర్‌బ్లాక్ డిస్కు మొదలు నుంచి 4096వ బైట్ దగ్గర కూర్చుంటుంది. జీపీటీ హెడర్ 512వ బైట్ దగ్గర మొదలవుతుంది. 1024 నుంచి 17408 దాకా 128 పార్టిషన్ ఎంట్రీలు, ఒక్కోటి 128 బైట్లు. అంటే సూపర్‌బ్లాక్ చోటు సరిగ్గా 25వ ఎంట్రీ మీద పడింది. ఎంట్రీలన్నీ ఖాళీ కాబట్టి అక్కడ సున్నాలు పడ్డాయి. 129 ఎంబీ తర్వాత మొదలయ్యే డేటాకి ఇది తగల్లేదు. డిస్కు చివర 33 సెక్టార్లలో పడే బ్యాకప్ జీపీటీ కూడా ఆ 688 ఖాళీ సెక్టార్లలోనే సర్దుకుంది.

డేటా భద్రంగా ఉంది కదా అని సూపర్‌బ్లాక్‌ని చేత్తో తిరిగి పుట్టించాలన్న ఆశ కలుగుతుంది. అక్కర్లేదు. రెయిడ్ 5కి మూడు చాలు, ఆ మూడూ శుభ్రంగా ఉన్నాయి. నాలుగోదాన్ని లేనట్టే లెక్కేయడం మేలు. అదే రెండు సూపర్‌బ్లాక్‌లు పోయి ఉంటే క్రియేట్‌కి అస్యూమ్-క్లీన్ చేర్చి, పాత డేటా ఆఫ్‌సెట్, చంక్, వరస అన్నీ విడివిడిగా ఇచ్చి చేయాల్సి వచ్చేది, అదీ ఓవర్‌లేల (రాతలని వేరే ఫైల్‌లోకి మళ్లించే పొరల) మీదే. ఎండీఏడీఎం పాత వెర్షన్లకీ కొత్తవాటికీ డిఫాల్ట్ ఆఫ్‌సెట్ తేడా. చంక్ డిఫాల్ట్ కూడా ఒకప్పుడు 64 కేబీ. వదిలేస్తే అదే చూసుకుంటుందిలే అనుకోకూడదు.

ఓవర్‌లే

ముందు స్మార్ట్ అంకెలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే లెక్కలు: 5, 197, 198. మూడు డిస్కుల్లోనూ సున్నాలే. 197లో పెండింగ్ సెక్టార్లు కనిపించి ఉంటే డీడీరెస్క్యూతో మ్యాప్‌ఫైల్ పెట్టి మరో డిస్కుకి క్లోన్ తీశాకే మిగతా పని.

తర్వాత ఒక్కో డిస్కుకీ మరో డ్రైవ్ మీద 20 జీబీ స్పార్స్ ఫైల్ (రాసినంత మేరకే చోటు తీసుకునేది), దానికి లూప్ డివైస్, ఆ రెండింటినీ కలిపి డివైస్-మ్యాపర్ స్నాప్‌షాట్. టేబుల్ లైన్ ఇలా: 0, 7814037168, స్నాప్‌షాట్, అసలు డిస్కు, లూప్ డివైస్, పీ, 8. ఆ పెద్ద అంకె డిస్కు మొత్తం సెక్టార్లు (బ్లాక్‌డెవ్ గెట్-ఎస్‌జెడ్ ఇచ్చేది), చివరి 8 అంటే 4 కేబీ ముక్కలు. ఇక ఏం రాసినా స్పార్స్ ఫైల్‌లోకే పోతుంది, అసలు డిస్కు కదలదు. ఫైల్ నిండితే స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది కాబట్టి డీఎంసెటప్ స్టేటస్ మీద ఓ కన్నేసి ఉంచాలి. అసలు డిస్కులకు బ్లాక్‌డెవ్ సెట్-ఆర్‌ఓ కూడా పెడితే నిశ్చింత.

అసెంబుల్ మొదటిసారి "డివైస్ బిజీ" అని తిప్పికొడుతుంది. బూట్‌లోనే యూడెవ్ (డివైస్‌లను గుర్తించే సిస్టమ్ భాగం) దొరికిన మూడింటినీ పోగేసి ఎండీ127 పేరుతో ఇనాక్టివ్‌గా పట్టుకుని కూర్చోవడమే కారణం. రెయిడ్ స్థితి చూపే ఎండీస్టాట్‌లో ప్రతి డిస్కు పక్కనా (ఎస్) కనిపిస్తుంది. దాన్ని స్టాప్ చేసి, ఓవర్‌లే డివైస్‌లతో అసెంబుల్ రన్ ఇస్తే లేస్తుంది. రన్ లేకపోతే ఒక డిస్కు తక్కువైందని స్టార్ట్ కాకపోవచ్చు. ఎండీస్టాట్ చూపింది: 11720658432 బ్లాకులు, [4/3] [యూయూయూ_], అంటే నాలుగింటిలో మూడు నడుస్తున్నాయి.

127 అన్న నంబర్ చూసి కంగారు అక్కర్లేదు. సూపర్‌బ్లాక్‌లో పాత హోస్ట్‌నేమ్ ఉంటుంది. కొత్త ఓఎస్ పేరు వేరైతే అరేని పరాయిదిగా భావించి, 127 నుంచి కిందికి లెక్కపెడుతూ నంబర్ ఇస్తుంది.

ఎల్‌వీఎం, మౌంట్

ఎల్‌వీఎం వాల్యూమ్ గ్రూప్‌లను వెతికి ఆన్ చేయడానికి వీజీస్కాన్, వీజీఛేంజ్ ఏవై. చాలాసార్లు ఇంతే. రెండు చోట్ల ఇరుక్కోవచ్చు. కొత్త ఇన్‌స్టాలర్ కూడా అదే పేరుతో వాల్యూమ్ గ్రూప్ చేసి ఉంటే పేర్లు కొట్టుకుంటాయి. వీజీఎస్‌లో యూయూఐడీ చూసి, ఆ యూయూఐడీతోనే పాతదానికి వీజీరీనేమ్ చేయాలి. రెడ్‌హ్యాట్ 9 తరహా సిస్టమ్‌లలో డివైసెస్ ఫైల్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. అందులో లేని డిస్కుని ఎల్‌వీఎం చూసీచూడనట్టు వదిలేస్తుంది. వీజీఇంపోర్ట్‌డివైసెస్ నడిపితే కనిపిస్తుంది.

మౌంట్‌కి ముందు ఫైల్‌సిస్టమ్‌ని తనిఖీ చేసే ఈ2ఎఫ్ఎస్‌సీకే ఎన్ ఆప్షన్‌తో, అంటే దేనికైనా "వద్దు" అని జవాబిచ్చేలా. వేలకొద్దీ తప్పులు చూపిస్తే ఫైల్‌సిస్టమ్ పాడైందనుకునే ముందు డిస్కుల వరసని అనుమానించాలి. ఇక్కడ శుభ్రంగా వచ్చింది. మౌంట్ ఆప్షన్లు ఈఎక్స్‌టీ4కి ఆర్‌ఓ (చదవడానికి మాత్రమే), నోలోడ్. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఆర్‌ఓ, నోరికవరీ. చిన్న టెక్స్ట్ ఫైళ్లు తెరుచుకున్నంత మాత్రాన సంబరపడొద్దు. 512 కేబీ చంక్‌లో చిన్న ఫైల్ ఒకే డిస్కు మీద ఉండిపోతుంది, వరస తప్పినా బాగానే కనిపించొచ్చు. కొన్ని వందల ఎంబీల వీడియో, పెద్ద జిప్ ఫైల్ చివరిదాకా చదివి చూడాలి.

కాపీకి ఆర్‌సింక్: ఏ, హెచ్, పెద్ద ఏ, ఎక్స్, న్యూమరిక్-ఐడీస్. ఫైళ్ల యజమాని అంకె రూపంలోనే ఉంటాడు కాబట్టి కొత్త ఓఎస్‌లో 1000 నంబర్ వేరే యూజర్‌కి దక్కి ఉంటే ఫైళ్లన్నీ వాళ్లవైపోతాయి.

మధ్యలో లక్స్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) పొర ఉన్నవాళ్లకి ఒక మాట. క్రిప్ట్‌ట్యాబ్ వాడే కీఫైల్ పాత రూట్‌లోనే ఉండి, వేరే పాస్‌ఫ్రేజ్ స్లాట్ పెట్టుకోకపోతే, అరే ఎంత చక్కగా లేచినా లోపలికి దారి లేదు.

వేరే వ్యవస్థల్లోనూ వివరాలు డిస్కుల మీదే. జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌ని "వేరే సిస్టమ్ వాడింది" అంటే అది హోస్ట్‌ఐడీ తేడా; మరో మెషిన్ నిజంగా వాడటం లేదని తేల్చుకుని ఇంపోర్ట్‌కి ఎఫ్, రీడ్‌ఓన్లీ ఇవ్వాలి. విండోస్ స్టోరేజ్ స్పేసెస్ పూల్ రీడ్‌ఓన్లీగా కనిపిస్తే పవర్‌షెల్‌లో సెట్-స్టోరేజ్‌పూల్‌తో ఆ జెండా దించి, వర్చువల్ డిస్క్‌ని కనెక్ట్ చేయాలి.

రీబిల్డ్

కాపీ, చెక్‌సమ్‌లు పూర్తయ్యాక ఓవర్‌లేలు విప్పి, సెట్-ఆర్‌ఓ తీసేసి, అసలు డిస్కులతోనే అసెంబుల్. నాలుగోదాన్ని ఈసారి పార్టిషన్ చేసి చేరుద్దామంటే కుదరదు. పార్టిషన్ 1 ఎంబీ దగ్గర మొదలైతేనే 2048 సెక్టార్లు పోతాయి, మిగులు 688 మాత్రమే. "నాట్ లార్జ్ ఎనఫ్" అని యాడ్ ఆగిపోతుంది. కాబట్టి డిస్కు మొత్తమే.

యాడ్‌కి ముందు వైప్‌ఎఫ్‌ఎస్ ఏ తప్పనిసరి, ఎందుకంటే అది చివరి బ్యాకప్ జీపీటీని కూడా చెరుపుతుంది. బ్యాకప్ మిగిలితే కొన్ని మదర్‌బోర్డుల ఫర్మ్‌వేర్ ముందున్న జీపీటీ పాడైందనుకుని బూట్‌లో "రిపేర్" చేస్తుంది, కొత్త సూపర్‌బ్లాక్ కూడా పాతదాని దారే పడుతుంది.

సగటున సెకనుకి 150 ఎంబీ వస్తే 4 టీబీకి దాదాపు ఏడున్నర గంటలు. డిస్కులు ఈఆర్‌సీకి (చదవలేని సెక్టార్ దగ్గర ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పే పరిమితి) ఒప్పుకుంటే స్మార్ట్‌సీటీఎల్‌తో 70,70 పెట్టాలి, అంటే 7 సెకన్లు. ఒప్పుకోకపోతే కెర్నల్ టైమ్‌అవుట్‌ని 30 నుంచి 180 సెకన్లకి పెంచాలి. లేదంటే ఒక్క మొండి సెక్టార్ దగ్గర కెర్నల్ ఓపిక నశించి, బాగున్న డిస్కునే బయటికి తోసేస్తుంది.

ఇది నడుస్తుండగానే డీటెయిల్ స్కాన్ అవుట్‌పుట్‌ని ఎండీఏడీఎం కాన్ఫిగ్‌లో చేర్చి, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ నడిపించాం. అది మరిస్తే రీబూట్‌కి మళ్లీ ఎండీ127 వస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీ, నోఫెయిల్. రీబిల్డ్ ప్రస్తుతం 61 శాతం దగ్గరుంది, అయ్యాక ఒక చెక్ పాస్ నడిపి మిస్‌మ్యాచ్ కౌంట్ చూడాలి.